ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్‌లో నీళ్లు: ఆయిల్ మార్పిడి డైరీ

ఆదివారం, పొద్దున

డిప్‌స్టిక్ మీద, అంటే మట్టం చూసే పుల్ల మీద, ఆయిల్ పై గీతను దాటి నిలబడింది. ఈ మధ్య మేమెవరమూ చుక్క కూడా పోయలేదు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ తగ్గితే ఎక్కడో కారుతోందని తెలిసిపోతుంది, బండి కింద మరక వెతికితే చాలు. పోయకుండానే పెరిగిందంటే లోపలికి వేరేదేదో చేరుతోందన్నమాట. కార్తీకంలో వానలు పడి వెలిసిన తర్వాత అలా చేరేది ముప్పాతిక మూడొంతులు నీళ్లే.

రంగు కూడా ఆ మాటే చెప్పింది. మంచి ఆయిల్ పసుపు మీద తేటగా ఉంటుంది. వాడేకొద్దీ ముదురుతుంది గానీ పుల్ల మీది గీతలు దాని గుండా కనిపిస్తూనే ఉంటాయి. ఇది పాలెక్కువైన టీ లాగా ఉంది. గీతలు కాదు కదా, పుల్ల లోహమే కనిపించలేదు.

మా బండి 35 హెచ్‌పీ, మూడు సిలిండర్లది. పూతలపట్టు దగ్గర మా ఊళ్లో చెరువు కింద కయ్యలు దమ్ము చేయాలన్నా, మామిడి తోపు దున్నాలన్నా, సీజన్లో తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలాలన్నా అదే దిక్కు. ఈ తరహా ట్రాక్టర్లలో గేర్లు, వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్, నాగలిని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు అన్నీ ఒకే ఆయిల్లో పనిచేస్తాయి. మా బండికి బ్రేకులు కూడా అందులోనే మునిగి ఉంటాయి. ఈ పద్ధతి పాతదే. నాగలిని బండికి మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్‌తో ఎత్తే విధానానికి హ్యారీ ఫెర్గుసన్ 1926లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. 1946లో కోవెంట్రీలో మొదలైన ఆయన టీఈ20 ట్రాక్టర్లలో లిఫ్టు పంపు గేర్ల ఆయిల్లోనే మునిగి ఉండేది. ఖర్చు కలిసొచ్చే ఏర్పాటే. కానీ ఆ ఒక్క ఆయిల్ చెడిపోతే గేర్లు, బేరింగులు, పంపు, బ్రేకులు అన్నిటికీ ఒకేసారి దెబ్బ. అందుకే దీన్ని వాయిదా వెయ్యదలచుకోలేదు.

కొలత సరిగ్గా తీశానో లేదో మళ్లీ చూశాను. బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలైనా ఆగాలి, లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించాలి. చేతులు పైకి ఉంటే సిలిండర్లో ఆయిల్ నిలబడిపోయి మట్టం తక్కువ చూపిస్తుంది. ట్రాలీ తగిలించి ఉంటే ఇంకో మెలిక ఉంది. ఎత్తి పారబోసే ట్రాలీ జాకీ ట్రాక్టర్ ఆయిల్‌తోనే పైకి లేస్తుంది, లీటర్ల కొద్దీ మింగుతుంది. ట్రాలీ దించకుండా కొలత చూసి, తక్కువుందని ఆయిల్ పోసేవాళ్లను చూశాను. మా ట్రాలీ విప్పేసే ఉంది, చేతులు కిందనే ఉన్నాయి. కాబట్టి పెరిగిన మాట నిజం.

ఆదివారం, సాయంత్రం

నీళ్లు ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు. దొడ్లో రాళ్ల పొయ్యి మీద పాత రేకు మూత పెట్టి బాగా కాల్చాను. ఎంత వేడి కావాలంటే, నీటి చుక్క వేస్తే వెంటనే చిట్లి ఎగిరిపోవాలి గానీ ఆయిల్ అంటుకోకూడదు. దాని మీద పుల్లతో ఒక్క చుక్క వేస్తే చిటపటమని పేలింది. పక్కనే కొత్త ఇంజన్ ఆయిల్ చుక్క వేశాను, చప్పుడు లేకుండా పలచబడి పొగ వదిలింది. వెయ్యిలో ఒక వంతు నీళ్లున్నా ఈ చప్పుడు వినిపిస్తుంది. చేసేవాళ్లు ఒక్క చుక్కతోనే చెయ్యండి, మొహం దూరంగా పెట్టండి, వంటగదిలో వద్దు.

రెండో పరీక్షకు గాజు సీసాలో కొంచెం ఆయిల్ పట్టి కదలని చోట పెట్టాను. నాయన చూసి, "రేత్రికి నీళ్లు అడుక్కి దిగిపోతే పైన ఆయిల్ వంపుకోవచ్చు గదరా" అన్నాడు. పాత రోజుల్లో ఆయిళ్లకు ఆ మాట చెల్లేది. ఇప్పటి ట్రాక్టర్ ఆయిళ్లలో కొద్దిపాటి నీటిని విడిపోకుండా తనలోనే పట్టి ఉంచే రసాయనాలు కలుపుతారు. తెల్లబడిన ఆయిల్ ఒక్క రాత్రిలో తేరుకోదు. అడుగున నీళ్లు కనబడలేదు కాబట్టి ఆయిల్ బాగుందనుకోవడం కూడా అందుకే పొరపాటు.

సోమవారం

సీసా అడుగున సన్నని నీటి పొర దిగింది. పైనంతా తెల్లగానే ఉంది. అంటే ఆయిల్ పట్టగలిగినంత పట్టేసి, ఇక పట్టలేక వదిలేసింది. చెమ్మకు చేరిన నీళ్లు కావివి, ధారగా పోయినవే.

మధ్యాహ్నం మా చిన్నాయన కొడుక్కి ఫోన్ చేశాను. వాడు చెన్నై కాసిమేడు హార్బర్లో బోటు ఇంజన్ల పని చేస్తాడు. మరబోట్లే కాదు, తెరచాపతో నడిచే చిన్న పడవల డీజిల్ ఇంజన్లు కూడా చేతికొస్తుంటాయి. గేర్‌బాక్సులో తెల్ల ఆయిల్ వాడికి కొత్త కాదు.

"అన్నా, మాకైతే మొదటి అనుమానం కూలర్ మీదే" అన్నాడు. చాలా బోట్ల గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరచడానికి ఒక కూలర్ ఉంటుంది. దాని గొట్టాల్లో ఒకవైపు ఆయిల్, ఇంకోవైపు సముద్రపు నీళ్లు పారుతుంటాయి. ఉప్పుకు గొట్టం తినేసి సన్నని చిల్లు పడితే ఉప్పునీళ్లు ఆయిల్లోకి వచ్చేస్తాయి. తెరచాప పడవల చిన్న గేర్‌బాక్సుల్లో కొన్నిటికి అర లీటరు ఆయిల్ కూడా పట్టదు, కాబట్టి కొద్ది నీళ్లకే మొత్తం పాడైపోతుంది. ఇంజన్ కింద పానా తిప్పే చోటే ఉండదని, అడుగున ఆయిల్ దించే బిరడా, అదే డ్రైన్ ప్లగ్గు, దాని జోలికి పోకుండా డిప్‌స్టిక్ రంధ్రంలోంచి సన్నని పైపు దింపి చేతిపంపుతో ఆయిల్ లాగేస్తారట. కొన్నిటికి ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోయాలి, కొన్నిటికి మామూలు ఇంజన్ ఆయిలే. పక్క పడవలో ఏం పోశారో చూసి పోయకూడదు, గేర్‌బాక్సు మీది ప్లేటు చదివి పోయాలి. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇంజన్ ఆపి తెరచాప మీద పోతున్నప్పుడు నీళ్ల ఒరిపిడికి కింద ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు గేరు లివరు ముందుకు వేసి ఉంచితే కొన్ని గేర్‌బాక్సుల్లో క్లచ్చి ప్లేట్లు జారి కాలిపోతాయి. నల్లబడి మాడు వాసన వచ్చే ఆయిల్ ఆ జబ్బుకు గుర్తు.

ఇదంతా మా బండికి వర్తించదు, దీనికి కూలరూ లేదు, సముద్రమూ లేదు. కానీ చివర్లో వాడన్న మాట నేరుగా మా పనికే వస్తుంది. "ఆయిల్ మార్చేది ఒక పూట పని అన్నా. నీళ్లు యాడ నుంచి వస్తా ఉండాయో కనుక్కోకుండా మారిస్తే, కొత్త ఆయిల్ కూడా పాతదే అవుతాది."

కాబట్టి ముందు దారి వెతకాలి. చేతిపంపు ఒకటి పంపమని అడిగాను, తిరుపతి బస్సులో వేస్తానన్నాడు.

మంగళవారం

ట్రాన్స్‌మిషన్‌లోకి నీళ్లు వచ్చే దారులు ఎన్నో లేవు. గేరు రాడ్ల కింద రబ్బరు బూట్లు (రాడ్డు అడుగును చుట్టి మూసే తొడుగులు), పైన గాలి పీల్చే బ్రీదర్, డిప్‌స్టిక్ మూత, వెనక చక్రాల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే యాక్సిల్ సీళ్లు, వేరే బండి ట్రాలీ తగిలించినప్పుడు దాని జాకీలోంచి వచ్చే మురికి ఆయిల్. మా బండి విషయంలో అన్నిటి మీదా అనుమానం ఉండాల్సిందే. చెరువు కింద దమ్ము చేశాం, వానలో షెడ్డు బయట నిలబెట్టాం, ఆయుధ పూజకు సర్వీస్ స్టేషన్లో గట్టి ప్రెషర్‌తో కడిగించాం.

ఆ కడగడం గురించి ఒక మాట. మా జిల్లాలో ఆయుధ పూజకు ముందు రోజు వాటర్ సర్వీసుల దగ్గర బండ్లు బారులు తీరుతాయి. భక్తితో చేసే పనే, తప్పు పట్టడం లేదు. కానీ ఆ పైపులోంచి వచ్చే నీళ్లకు రబ్బరు బూటు అంచులు ఎత్తుకుపోయేంత బలం ఉంటుంది. గేరు రాడ్ల దగ్గర, బ్రీదర్ దగ్గర, డిప్‌స్టిక్ దగ్గర ఆ పైపు పెట్టనివ్వకూడదు. అక్కడ తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు.

యాక్సిల్ సీళ్లు ముందు చూశాను. కుడి వైపు పొడిగా ఉంది. ఎడమ చక్రం లోపలి వైపు కొద్దిగా చెమ్మ, దానికంటుకున్న దుమ్ము. ఆయిల్ బయటికి వచ్చే చోట దమ్ము చేసేటప్పుడు నీళ్లు లోపలికీ పోగలవు. దీన్ని రాసిపెట్టుకున్నాను, కానీ సీసాలో దిగినన్ని నీళ్లు ఈ చెమ్మకు రావు.

బ్రీదర్ మూత తీసి ఊదితే గాలి ఆడలేదు, మట్టితో బిగుసుకుపోయింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పనిలో ఉన్నప్పుడు లోపల ఆయిల్, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. సాయంత్రం చల్లబడితే లోపల గాలి ముడుచుకుని బయటి గాలిని పీల్చుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ పీల్పు ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లాగుతుంది. ఆ సందు మీద వాన నీళ్లు నిలిచి ఉంటే నీళ్లనే లాగుతుంది.

సందు ఎక్కడుందో గేరు రాడ్డు దగ్గర తెలిసింది. పెద్ద గేరు రాడ్డు బూటు పైనుంచి చూస్తే బాగానే ఉంది. కింది మడతను వేలితో విప్పితే వెనక వైపు సగం చుట్టూ చిరిగి ఉంది. సీటు వైపు ఉండటంతో నిలబడి చూస్తే కనిపించదు. మడత లోపల ఎండిన బురద, రాడ్డు అడుగున తుప్పు. అయినా కంటితో చూసి వదిలేయలేదు. ఎలాగూ పారబోసే ఆయిలే కదా అని చెంబుతో నీళ్లు తెచ్చి బూటు చుట్టూ పళ్లెంలా ఉన్న పల్లంలో పోశాను. నిలిచిన నీళ్లు మెల్లగా దిగిపోవడం మొదలైంది. బయట ఎక్కడా కారలేదు, కింద నేల తడవలేదు. మళ్లీ పోశాను, మళ్లీ దిగిపోయాయి. నాయన వంగి చూసి, "వానంతా దాని కడుపులోకే పోయిండాది" అన్నాడు.

వానలో బయట నిలబెట్టాల్సి వస్తే గేరు రాడ్ల మీద పాత యూరియా సంచి కప్పి కట్టడం ఇవాల్టి నుంచే మొదలు. 2021 నవంబరు వానలకు తిరుపతి చుట్టుపక్కల నీళ్లలో నిలబడిపోయిన బండ్లకు తర్వాత వచ్చిన జబ్బుల్లో ఇదొకటి. ఇంజన్ ఆయిల్ మార్పించి, వెనక ఆయిల్ చూడకుండా నడిపినవాళ్లు ఉన్నారు.

బుధవారం

చిత్తూరులో సామాన్ల కోసం తిరుగుడు. బూటు, బ్రీదర్, డిప్‌స్టిక్ మూత రింగు, హైడ్రాలిక్ ఫిల్టరు తేలిగ్గానే దొరికాయి. ఆయిల్ దగ్గర చర్చ నడిచింది.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన, "నైంటీ పోసేయ్ నాయనా. మా తాతల నించి అదే పోస్తా ఉండారు" అన్నాడు. నైంటీ అంటే ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్. పాత బండ్లలో పొడి బ్రేకులు ఉండేవి, మాన్యువల్ ఒప్పుకుంటే ఆ బండ్లకు అది నడిచింది. ఆయన అనుభవాన్ని కొట్టిపారేయలేను. కానీ మా బండి బ్రేకులు ఆయిల్లో మునిగి ఉండే రకం. ఆ ప్లేట్లు ఎంత పట్టుతో రాసుకోవాలో ఆయిల్లో కలిపిన రసాయనాలే నిర్ణయిస్తాయి. గేరు పళ్ల కోసమే తయారైన, ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే ఈపీ ఆయిల్ పోస్తే బ్రేకు కీచుమంటుంది, అదురుతుంది, పట్టు సరిగ్గా ఉండదు. జీఎల్-5 రకం ఈపీ ఆయిళ్లలో ఉండే గంధకం ఇత్తడి, కంచు బుష్షులకు కూడా మంచిది కాదు. పైగా లిఫ్టు పంపు అదే ఆయిల్ పీల్చాలి. మార్గశిరం చలిలో పొద్దున్నే చిక్కటి ఆయిల్‌ను పంపు లాగలేక గోల చేస్తుంది, లిఫ్టు నెమ్మదిగా లేస్తుంది.

ఈ అన్ని పనులకూ కలిపి చేసినదే యూటీటీవో అనే ట్రాక్టర్ ఆయిల్. మాన్యువల్‌లోనూ అదే రాసి ఉంది. దీనికి వెనకున్న చరిత్రలో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. బ్రేకు ప్లేట్లు కీచుమనకుండా ఉండేందుకు అమెరికాలో జాన్ డీర్ 303 ఆయిల్లో ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల్లో ఆ నూనెకు అక్కడ అడ్డుకట్ట పడటంతో ఆ ఫార్ములా పోయి, దాని స్థానంలో జే20 లాంటి కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఇప్పటి యూటీటీవో బకెట్ల వెనక జే20సీ అని రాసి ఉండేది ఆ వరసలోదే. కొనేటప్పుడు ముందు వైపు బొమ్మలు కాదు, వెనక వైపు సన్న అక్షరాలు చదవాలి.

20 లీటర్ల బకెట్లు అవసరం కంటే ఎక్కువే తీసుకున్నాను. ఎందుకో కింద రాస్తాను. డబ్బు భారమే. పంపు గానీ, వెనక పెద్ద గేర్ల జత క్రౌన్ పినియన్ గానీ పోతే దీనికి ఎన్నో రెట్లు అవుతుంది.

శుక్రవారం

ఇవాళ దించాం. పని తెలిసిన మేస్త్రీ అన్న తోడుగా వచ్చాడు.

ముందు ఆయిల్ పోసే మూత విప్పి చూశాం. ఇది ఎవరూ మరచిపోకూడని సంగతి. పాతది దించేశాక పోసే మూత తుప్పుకు బిగుసుకుపోయి రాకపోతే బండి దొడ్లోనే కూర్చుంటుంది. మూత వచ్చింది. తర్వాత బండిని ఖాళీగా చెరువు కట్ట దాకా తిప్పుకొచ్చి, లిఫ్టు పదే పదే ఎత్తి దించాను. ఆయిల్ చెయ్యి పెట్టగలిగినంత వెచ్చబడితే చాలు. పలచబడి కారుతుంది, అడుగున నిలిచిన మురికి దానితో పాటే కదిలి వస్తుంది. చల్లగా దించితే మురికంతా గోడలకు అంటుకునే ఉంటుంది.

ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టాం. సగానికి కోసిన డ్రమ్ము కింద జరిపి మేస్త్రీ అన్న మొదటి ప్లగ్గుకు పానా వేశాడు. ప్లగ్గు చివరి మర దాకా వేలితో నొక్కిపట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగేశాడు. మొదట వచ్చింది ఆయిల్ కాదు, బూడిద రంగు నీళ్లు. అవి ఆగి, ఒక క్షణం ధార సన్నబడి, తర్వాత లావుగా తెల్లటి ఆయిల్ దిగింది. గేర్‌బాక్సు కింద ఒకటి, వెనక డిఫరెన్షియల్ కింద ఇంకొకటి, రెండు ప్లగ్గులూ విప్పాలి. ఒక్కటి విప్పి అంతా వచ్చిందనుకుంటే అడ్డగోడల వెనక పల్లాల్లో చాలా మిగిలిపోతుంది.

ప్లగ్గు అడుగున ఉన్న అయస్కాంతాన్ని మేస్త్రీ అన్న అరచేతిలో పెట్టి ఎండలోకి తిప్పాడు. బూడిద రంగు మెత్తటి ముద్ద. గుడ్డతో తుడిచి, ఆ ముద్దను బొటనవేలితో నలిపి చూశాడు. గరుకు తగల్లేదు. "ఇది అరుగుడు, మామూలే. పలుకులు తగిలితేనే భయపడాల" అన్నాడు. పళ్లు విరిగిన ముక్కలు, సూదుల్లాంటి రజను కనిపిస్తే ఆయిల్ మార్చడంతో సరిపోదు, విప్పి చూడాల్సిందే. ఆయిల్లో పసుపు మెరుపు తిరిగితే ఇత్తడి బుష్షులు పోతున్నట్టు. మాకు అదీ కనబడలేదు. నీళ్లు చేరి ఎక్కువ కాలం కాకపోవడం మా అదృష్టం.

ధార చుక్కలయ్యాక వెనక ఎడమ వైపు జాకీ పెట్టి ఎత్తి, యాక్సిల్ హౌసింగ్ కింద కొయ్య దిమ్మె చొప్పించి, దాని మీద ఆనించాం. ఒట్టి జాకీ మీద నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకండి. ఒక పక్క ఎత్తితే చక్రాల వైపు గొట్టాల్లో నిలిచిన ఆయిల్ నడిమికి పారి వస్తుంది. మళ్లీ కుడి వైపు అలాగే. ఈ చిన్న పనికి ఇంకా చెప్పుకోదగినంత తెల్ల ఆయిల్ దిగింది. చాలామంది దీన్ని వదిలేస్తారు, అక్కడ మిగిలిన నీళ్లే కొత్త ఆయిల్‌ను మొదటి వారంలో తెల్లబరుస్తాయి. ఆఖరుకు తమ్ముడు పంపిన చేతిపంపు పైపును పైనుంచి దింపి, అడుగు పల్లంలో అందినంత లాగాం.

పంపు పీల్చే చోట ఉన్న జాలీ బయటికి తీస్తే దాని మీద చిక్కటి బంక పేరుకుని ఉంది. నీళ్లు, ఆయిల్, సన్న మట్టి కలిసి అలా తయారవుతుంది. ఈ మధ్య లిఫ్టు ఎత్తినప్పుడు వినిపిస్తున్న సన్నటి ఏడుపు గొంతుకు కారణం ఇదే, పంపుకు ఆయిల్ చాలక. డీజిల్లో నానబెట్టి, బ్రష్షుతో కడిగి, గాలి పట్టి ఎండలో పెట్టాను.

రాత్రంతా ప్లగ్గులు తెరిచే ఉంచాం. రంధ్రాల కింద డబ్బాలు, పైన దుమ్ము పడకుండా గుడ్డ.

శనివారం

డీజిల్ పోసి కడగాలా వద్దా అన్నదాని మీద మేస్త్రీ అన్నకూ నాకూ మాట తేడా వచ్చింది. ఊళ్లలో అదే వాడుక: సగం డీజిల్ పోసి, ఇంజన్ వేసి, కాసేపు గేర్లు తిప్పి దించేయడం. నా అభిప్రాయం వేరు. డీజిల్‌కు బేరింగుల మధ్య నిలిచే చిక్కదనం లేదు. పంపు పిస్టన్లు దాంతో ఎండి రాసుకుంటాయి. మునిగి ఉండే బ్రేకు ప్లేట్ల పూతలో డీజిల్ నానితే తర్వాత అది కొత్త ఆయిల్లోకి వస్తూ ఉంటుంది. అందుకే ఎక్కువ బకెట్లు తెచ్చింది. కొత్త యూటీటీవోనే కింది గీత దాకా పోసి, బరువు లేకుండా తిప్పి, అదే దించేసేలా. "నీ బండి, నీ ఇష్టం. చేసేది నీటుగా చేస్తావుండావు" అని ఒప్పుకున్నాడు.

ప్లగ్గుల రాగి వాషర్లను పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాం. రాగి బిగింపుకు గట్టిపడుతుంది, కాలిస్తే మళ్లీ మెత్తబడి కూర్చుంటుంది. ప్లగ్గులను ముందు చేత్తోనే చివరిదాకా తిప్పి, తర్వాతే పానా వేశాం. అల్లాటప్పాగా అడ్డమర పట్టిస్తే ఆ హౌసింగ్ మర బాగు చేయడం పెద్ద పని.

కొత్త బూటు ఎక్కించే ముందు రాడ్డు అడుగున తుప్పును గీకి, గ్రీసు పట్టించాను. బూటు కింది పెదవి గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి క్లిప్పు బిగించాను. చిన్న రాడ్డు బూటు బాగానే ఉంది, అయినా రెండూ మార్చేశాను. బ్రీదర్ కొత్తది. మళ్లీ చెంబుతో నీళ్లు పోసి నిలబడ్డాం. ఈసారి నీళ్లు పల్లంలో అలాగే ఉండిపోయాయి. మధ్యాహ్నం దాకా చూసి గుడ్డతో అద్ది తీసేశాను. ఈ పరీక్ష కాకుండా ఆయిల్ పోయకూడదని ముందే అనుకున్నాను.

ఆయిల్ బకెట్లు పొద్దుటి నుంచి ఎండలోనే ఉన్నాయి, చలికి చిక్కబడిన ఆయిల్ గరాటులో దిగనే దిగదు. జాలీ ఉన్న గరాటు పెట్టి కింది గీత దాకా పోశాం. ఖాళీగా అన్ని గేర్లలో దొడ్డి చుట్టూ తిప్పి, బ్రేకులు నొక్కుతూ, లిఫ్టు ఎత్తి దించుతూ అరగంటకు పైగా నడిపాను. దించితే లేత పాలరంగు వచ్చింది. మొదటిసారి దించినప్పటి తెలుపుకూ దీనికీ పోలికే లేదు గానీ, దించకుండా వదిలేసి ఉంటే ఆ మిగులు లోపలే ఉండిపోయేది.

తర్వాత అసలు ఆయిల్. మాన్యువల్‌లో ఇన్ని లీటర్లని రాసి ఉందని కొలిచి మొత్తం పోసేయకూడదు, మూలల్లో పాతది కొంచెం ఎప్పుడూ మిగులుతుంది. ఆఖరి లీటర్లు పుల్ల చూస్తూ పోయాలి. పై గీతకు కొంచెం కింద ఆపి, ఇంజన్ వేసి, లిఫ్టు బాగా ఆడించి గాలి వెళ్లగొట్టి, కొత్త ఫిల్టరు నిండేదాకా నడిపి, ఆపి, ఆగి, మళ్లీ చూశాం. దిగింది. దిగినంత పోశాం. పై గీతకు సరిపోయింది. లిఫ్టు ఏడుపు ఆగిపోయింది, నాగలి ఒకే ఊపున లేచింది. మేస్త్రీ అన్న మాట్లాడలేదు, లివరు తనే పట్టుకుని ఇంకో రెండు సార్లు ఎత్తి దించాడు.

ఆ తర్వాతి వారం

దించిన ఆయిల్ అంతా మూతలున్న క్యాన్లలో పట్టి పెట్టాను. మా వైపు దీన్ని కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూస్తారు, మిగిలింది కాలవ పక్కన వంపేస్తారు. ఆ కాలవ నీళ్లే చెరువుకు పోతాయి, చెరువు కిందే మన బావులు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది, అనుమతి ఉన్న రీ-రిఫైనింగ్ వాళ్లకే చేరాలి. మా క్యాన్లను తిరుపతి ఆటోనగర్లో పాత ఆయిల్ సేకరించి అలాంటి చోటుకు పంపే వర్క్‌షాపుకు ఇచ్చేశాను. దీనికోసమే ప్రత్యేకంగా పోలేదు, వేరే పని మీద పోతూ తీసుకెళ్లాను. ఊళ్లో నాలుగు బండ్ల వాళ్లు కలిస్తే ఒకరే అందరివీ తీసుకెళ్లొచ్చు.

తోపు దున్నాక ఆయిల్ చూశాను. పసుపు మీద తేటగా ఉంది, గీతలు కనిపిస్తున్నాయి, మట్టం కదల్లేదు. రేకు మూత మీద చుక్క వేస్తే చప్పుడు లేదు. మధ్యలో ఒక రాత్రి వాన కురిసింది, కావాలనే బండిని బయటే పెట్టి సంచి మాత్రం కప్పలేదు, కొత్త బూటు సంగతి తేలాలని. పొద్దున చూస్తే బూటు పల్లంలో నీళ్లు నిలిచి ఉన్నాయి, పుల్ల మీద తెలుపు లేదు.

ట్రాలీ విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాం. వేరేవాళ్ల ట్రాలీ తగిలిస్తే దాని జాకీలోని ఆయిల్ మన బండిలోకి, మన ఆయిల్ దాంట్లోకి పోతుంది. మామిడి సీజన్లో ట్రాలీలు చేతులు మారడం తప్పదు. అందుకని తగిలించే ముందు వాళ్ల గొట్టం చివర గుడ్డతో తుడిచి, ఒక చుక్క రంగు చూసే తగిలిస్తాం. తెల్లగా ఉంటే తగిలించం, అన్నదమ్ములదైనా సరే.

మిగిలిన పని ఎడమ యాక్సిల్ సీలు. సంక్రాంతి దాటాక దమ్ము మొదలవుతుంది, బురదలోకి దిగకముందే అది మార్పించాలి. సీలు నంబరు రాసుకున్నాను, చిత్తూరు షాపులో చెప్పి పెట్టాను, మేస్త్రీ అన్న వచ్చే శుక్రవారం ఖాళీ అన్నాడు.